మన్యపు రహదారి పుట్టుపూర్వోత్తరములు

(ఏజెన్సీ గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునకై వ్రాసిన ప్రసంగ పాఠము)



రాజమహేంద్రవరమున బయలుదేరి గోకవరము, రంపచోడవరము, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకులోయ, అనంతగిరి, బౌడర మీదుగా విజయనగరము చేరు రహదారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మమ్ము కోరినారు. ప్రభుత్వపు లెక్కలలో ఇది 516-ఇ నంబరు జాతీయ రహదారి. పొడవు సుమారు 400 కిలోమీటర్లు. రాజమహేంద్రవరమునుండి నేరుగా విజయనగరము పోదలచిన బాటసారి ఎవడును ఈ దారి పట్టడు. తుని, అనకాపల్లి మీదుగా తీరము వెంట పోవు 16వ నంబరు రహదారి ఇంతకంటె ఎంతో దగ్గర, ఎంతో చదును. అట్లయినచో కొండలెక్కి దిగు ఈ చుట్టుదారి ఎవరికి? ఆ కొననుండి ఈ కొనకు పోవువారికి కాదు, నడుమ నివసించువారికి. పేరుకు జాతీయ రహదారియే గాని, పనికి ఇది సంతల దారి. అందుచేతనే దీనిని గూర్చి ఇంజనీర్లతో మాట్లాడుటకంటె మీతో మాట్లాడుట ఎక్కువ అవసరమని మేము తలచితిమి.

మన్యపు పటమును ఒక్కసారి మనస్సునకు తెచ్చుకొనుడు. తూర్పు కనుమలు సముద్రమునకు ఇంచుమించు సమాంతరముగా, నైరుతినుండి ఈశాన్యమునకు సాగియున్నవి. పాత దారులన్నియు కొండనుండి మైదానమునకు దిగునవే. రంపచోడవరమువారు గోకవరము దిగవలెను. చింతపల్లివారు లంబసింగి కనుమ గుండ నర్సీపట్నము దిగవలెను. పాడేరువారు మాడుగుల, చోడవరము వైపు దిగవలెను. అరకువారికి శృంగవరపుకోటయే వాకిలి. ఈ దారులు దువ్వెన పండ్లవలె ప్రక్కప్రక్కన ఉండెను; పండ్లను కలుపు పట్టీ మాత్రము క్రింద మైదానమున ఉండెను. రాజవొమ్మంగి రైతు పాడేరులో పని చూచుకొనవలెనన్న కొండ దిగి, తీరపు దారి పట్టి, మరల కొండ యెక్కవలసివచ్చెడిది. కాలినడకన పోవువానికి అడవిలో అడ్డదారులు లేకపోలేదు. బస్సుకు, బరువు బండికి మాత్రము తగిన దారి లేకుండెను.

ఇట్లేల జరిగినది? దారిని వేయువాని అవసరము ఎటున్నదో దారి అటే పోవును గనుక. ఈ ఒక్క మాట పట్టుకొన్నచో మన్యపు దారుల చరిత్ర అంతయు విప్పి చెప్పవచ్చును.

మొట్టమొదట ఈ కనుమలను దాటించినది ఉప్పు. కొండమీద చోడి పండును, సామ పండును, పసుపు పండును, ఉప్పు పండదు. తీరమునుండి పెరికెద్దులమీద ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు పైకెక్కెడివి. చింతపండు, కరక్కాయలు, పసుపు, తేనె క్రిందికి దిగెడివి. ఎద్దు కాలు పెట్టగలిగినదే దారి, ఎద్దు ఆగిన చోటే మజిలీ. ఆ వ్యాపారములో కొండవానికి మోసము జరుగలేదని మేము అనబోము. ఒక కుంచెడు ఉప్పునకు ఎంత చింతపండు ఇచ్చుటయో నిర్ణయించు అధికారము ఉప్పు తెచ్చినవానికే ఉండెడిది. అయినను ఆ దారిలో బలవంతము తక్కువ, అవసరము ఎక్కువ.

ఆంగ్లేయ ప్రభుత్వము వచ్చిన తరువాత దారికి వేరు పనులు కలిగినవి. పోలీసులను పైకి పంపవలెను, పన్నును కలపను క్రిందికి దింపవలెను. రంప ప్రాంతమున తాటికల్లు, జీలుగుకల్లు గీయుటపై పన్ను విధించి, దాని వసూలును గుత్తేదారుల పరము చేసిరి. తన చెట్టు కల్లును తాను త్రాగుటకు పన్ను కట్టుట కొండవారికి ఎంతమాత్రము సహింపరాని సంగతి. మన్సబుదారు పీడనయు, పోలీసుల దౌర్జన్యమును దీనికి తోడై 1879 మార్చిలో తిరుగుబాటు లేచినది. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. పోడు కొట్టుకొను కొండ, పశువులు మేయు చోటు, వంటచెరకు తెచ్చుకొను అడవి రిజర్వు అయినవి. తాతల నాడు తమదైన చోట అడుగు పెట్టుటకు అనుమతి అడుగవలసి వచ్చినది.

ఇక లంబసింగి దారి కథ. ఇది మీరందరు తెలిసికొనవలసిన కథ. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు దారి పనులు జరుగు కాలమున గూడెము డిప్యూటీ తహసీలుదారుగా బాస్టియన్ అను నతడుండెను. అతడు గిరిజనులచేత వెట్టిగను, అరకొర కూలికిని రాళ్లు కొట్టించెననియు, ఎదురాడినవారిని హింసించెననియు ఆ కాలపు చరిత్ర వ్రాసినవారు పేర్కొనిరి. గాము గంటందొర, గాము మల్లుదొర సోదరులు అతని చేతిలో బాధలు పడినవారే. ఒక సంగతి గమనింపుడు. ఆ దారిమీద ఆ కూలివాని బండి నడువదు, అతనికి బండియే లేదు. తన కొండను తాను త్రవ్వి, తనపైకి వచ్చు పోలీసులకు తానే దారి వేయుట అతని పని అయినది. అల్లూరి సీతారామరాజు పిలుపు అందుకొని వచ్చినవారిలో ఈ కడుపుమంట కలవారు ఎందరో ఉండిరి. మన్యపు పోరాటమునకు కారణములు పెక్కు గలవు. దారి కూలి వానిలో చిన్నది కాదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి జరిగినది. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి, అక్కడ నిర్బంధములో నున్న వీరయ్యదొరను కూడ విడిపించిరి. మూడు దినములలో మూడు ఠాణాలు. ఈ మూడు ఊళ్లను పటముమీద ఒక గీతతో కలిపి చూడుడు. ఆ గీత కొండనుండి మైదానమునకు దిగునది కాదు, కొండ వెంట సాగునది. దొరతనమువారి దారులు దువ్వెన పండ్లయినచో, సీతారామరాజు దళము నడచినది కొండమీది పట్టీ. అట్టి బాట ఒకటి కలదని అడవిలో పుట్టినవారికి తెలియును, కచేరీలలో కూర్చున్నవారికి తెలియదు. చింతపల్లిలో దెబ్బ తగిలినదని నర్సీపట్నమునకు కబురు దిగి, అక్కడినుండి బలగము పైకెక్కునప్పటికి దళము మరియొక ఠాణా ముంగిట ఉండెడిది. ఆ ఏడే అక్టోబరులో అడ్డతీగలకు, రంపచోడవరమునకు దళము వచ్చినది. నేటి 516-ఇ రహదారి మీద ప్రయాణించువాడు రంపచోడవరము, అడ్డతీగల, రాజవొమ్మంగి, చింతపల్లి అను నాలుగు చోట్ల ఆ దాడులు జరిగిన ఊళ్లను దాటిపోవును. కృష్ణదేవిపేట మార్గమునకు అనతిదూరముననే ఉన్నది.

అదే సంవత్సరము సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్లేయ అధికారులు హతులైరి. ఇరుకు దారిలో ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన దొరలపైననే గురిపెట్టిరని ప్రసిద్ధి. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతమున సీతారామరాజును కాల్చి చంపిరి. సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. ఈ సంగతులు మీ పిల్లలకు పాఠ్యపుస్తకములో దొరకును. దారి కూలి సంగతి అందులో దొరకునో లేదో చూచుకొనుడు.

తరువాత పెద్దకాలము దారుల దిశ మారలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బస్సులు వచ్చినవి, తారు వచ్చినది, ఐ.టి.డి.ఎ.లు వచ్చినవి, అయినను దువ్వెన దువ్వెనగానే ఉండెను. ఇందుకు జిల్లాల హద్దులు కూడ కొంత కారణము. రాజవొమ్మంగి, కొయ్యూరు ఇరుగుపొరుగు మండలములు. ఒకటి తూర్పుగోదావరిలో, మరియొకటి విశాఖపట్నములో ఉండుటచే ఒకరి అర్జీ కాకినాడ పోవలెను, మరియొకరి అర్జీ విశాఖపట్నము పోవలెను. హద్దుకు ఈవలి దారి హద్దు దగ్గర ఆగును. ఆవలి దారి ఇంకెక్కడనో ఆగును. నడుమ మిగిలిన మట్టిదారి ఎవరిదియు కాదు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు రంపచోడవరమువారికి సైతము పాడేరు జిల్లా కేంద్రమైనది. కొండ వెంట దారి లేనిదే కొండవారికి ఒక జిల్లా ఎంత కష్టమో నాడు అందరికిని తెలిసివచ్చినది. అటుపిమ్మటి హద్దుల మార్పుల మాట ఎట్లున్నను, ఆ అనుభవము మరువదగినది కాదు.

కొత్తవలస - కిరండోలు రైలుమార్గమును కూడ ఇక్కడ తలచుకొనవలెను. 1960 దశకమున వేసిన ఆ మార్గము బైలదిల్ల ఇనుప రాయిని విశాఖపట్నపు రేవునకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుటకై పుట్టినది. అరకువాసులను దృష్టిలో నుంచుకొని వేసినది కాదు. అయినను పట్టాలు పడిన తరువాత అరకువారు ఎక్కిరి, దిగిరి, బుట్టలు తెచ్చిరి. పరుల అవసరమునకు వచ్చిన దారినైనను మన అవసరమునకు త్రిప్పుకొనవచ్చును. అందుకు పట్టుదల కావలెను.

516-ఇ రహదారి సాంతము క్రొత్తది కాదు. ఏజెన్సీలో ఉన్న దారులను ఒకదానితో నొకటి కలిపి, వెడల్పు చేసి, రెండు వరుసల దారిగా భాగములవారీగా కట్టుచు వచ్చిరి. కొన్ని చోట్ల పాత మలుపులనే సవరించిరి. కొన్ని చోట్ల కొండను క్రొత్తగా కోసిరి. గోకవరము దాటగానే మైదానము వెనుకబడును. రంపచోడవరము, అడ్డతీగల, రాజవొమ్మంగి సీమ తక్కువ ఎత్తు కొండలది. జీడిమామిడి, చింత, వెదురు ఎక్కువ. కొండరెడ్లు, కోయలు, కొండకమ్మరులు, కొండదొరలు ఇక్కడివారు. కొయ్యూరు దాటి లంబసింగి కనుమ ఎక్కినచో గాలి మారును, పంట మారును. లంబసింగి సముద్రమట్టమునకు ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. శీతకాలమున అక్కడ పడు మంచును చూచుటకు పట్టణములనుండి వేలాదిగా వత్తురు. దానికి కొర్రబయలు అని కూడ పేరు. బయట పడుకొన్నవాడు తెల్లవారునప్పటికి కొయ్యవలె బిగిసిపోవునని దాని అర్థము. ఆ చలిలో ఒక రాత్రి గడిపి పోవువారికి అది వేడుక. ఏడేడు జన్మలు గడపినవారికి కంబళి లేని లోటు.

చింతపల్లి, జి. మాడుగుల, పాడేరు, హుకుంపేట, డుంబ్రిగుడ, అరకు వరకు కాఫీ సీమ. 1898 ప్రాంతమున గోదావరి మన్యములోని పాములేరు లోయలో తొలిసారి నాటిన కాఫీ, క్రమముగా విశాఖ మన్యమున స్థిరపడినది. సిల్వరు ఓకు నీడను కాఫీ, ఆ చెట్టునకే ప్రాకించిన మిరియపు తీగ. ఎకరములోపు తోట గలవాడు కూడ సంవత్సరమునకు ఒకసారి చేతినిండ సొమ్ము చూచుట దీనివలననే. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. రాజ్మా, పసుపు, పిప్పళ్లు, వలిసెలు తక్కిన పంటలు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోదులు, కోటియాలు, పోర్జలు, గదబలు ఇక్కడ నివసింతురు. అనంతగిరి దాటి బౌడర దిగినచో మరల మైదానపు ఎండ తగులును. శృంగవరపుకోట మీదుగా విజయనగరము.

ఇప్పుడు మీకు సంబంధించిన భాగమునకు వత్తుము.

దారి వచ్చినచో ధర వచ్చునని అందరు చెప్పుదురు. అది సగము నిజము. లారీ గట్టుకు వచ్చినచో వర్తకుడు గట్టుకు వచ్చును. ఒక్కడే వచ్చినచో వాడు చెప్పినదే ధర. చింతపల్లి మిరియము అమ్మువాడు పాడేరు సంత ధరను, అరకు సంత ధరను తెలిసికొని అమ్ముట ఈ దారికి అసలైన ఫలము. కొండకు కొండ కలిసినప్పుడే ఆ పోలిక సాధ్యము. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టినది ఈ బేరములో గిరిజనుని ప్రక్క నిలుచుటకే. దాని కొనుగోలు కేంద్రము మీ పంచాయతీ పరిధిలో ఏ దినమున తెరచునో, తూకము ఎట్లున్నదో విచారించు హక్కు మీకు గలదు.

మా మనస్సును అన్నింటికంటె కలవరపెట్టునది డోలీ. ఒక కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు చూలాలిని పరుండబెట్టి, ఇద్దరు మోయుచు, మరి ఇద్దరు మారు భుజము పట్టుటకై వెంట నడచుచు, వాగులు దాటి పెద్ద దారికి చేరుట మీలో పెక్కుమంది కన్నులార చూచినదే. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహనము పెద్ద దారి వరకు వచ్చి ఆగును. అక్కడినుండి గూడెము వరకు దాని చక్రము పోదు. 400 కిలోమీటర్ల రహదారి ఎంత నున్నగా ఉన్నను, దానికి 4 కిలోమీటర్ల దూరమున ఉన్న గూడెమునకు ఆ నాలుగే లోకమంత దూరము. పెద్ద దారి కట్టుట ఢిల్లీ పని. ఆ నాలుగు కిలోమీటర్లు అడిగి వేయించుకొనుట మీ పని.

అడుగుటకు దారులు గలవు. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానమున 500 జనాభా గల నివాసములకు, కొండ ప్రాంతములలోను షెడ్యూల్డు ప్రాంతములలోను 250 గల నివాసములకు అర్హత కల్పించిరి. మన గూడెములలో చాల వానికి 250 కూడ లేదు. 30 గడపల గూడెము ఏళ్ల తరబడి జాబితాకు ఎక్కలేదు. 2023 నవంబరులో మొదలిడిన పి.ఎం. జన్‌మన్ పథకము అత్యంత వెనుకబడిన గిరిజన సమూహములు నివసించు చోట్ల జనాభా పరిమితిని 100కు తగ్గించినది. కొండరెడ్లు, కోదులు, గదబలు, పోర్జలు నివసించు గూడెములున్న పంచాయతీలవారు దీనిని జాగ్రత్తగా గమనింపవలెను. 2025లో రాష్ట్ర ప్రభుత్వము అడవి తల్లి బాట అను పేర గిరిజన గూడెముల దారులను చేపట్టినది. ఏ పథకమునకైనను మొదటి మెట్టు జనాభా లెక్క. ఒకే నివాసమును రెండు పేర్లతో వ్రాసి చెరి 60 మంది చూపుట వలన అర్హత పోయిన చోట్లు ఉండవచ్చును. మీ పంచాయతీ నివాసముల జాబితాను తెప్పించుకొని, గడప గడపకు సరిచూడుడు.

తరువాతి అడ్డంకి అడవి. దారి రిజర్వు అడవి గుండ పోవలెనన్నచో అనుమతి రాదని పని ఆపుట పరిపాటి. 2006 అటవీ హక్కుల చట్టము 3వ సెక్షను 2వ ఉపసెక్షను ఇందుకు వెసులుబాటు ఇచ్చినది. దారి, బడి, అంగన్వాడీ, మంచినీటి గొట్టము మొదలైన గ్రామ అవసరములకు ఒక్కొక్క పనికి ఒక హెక్టారుకు మించని అడవి భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరుకకుండ, గ్రామసభ సిఫారసుపై ఇయ్యవచ్చును. 6 మీటర్ల వెడల్పున లెక్కించినచో ఒక హెక్టారులో 1,600 మీటర్లకు పైగా దారి వచ్చును. తక్కువేమి కాదు. గ్రామసభ సిఫారసు అనగా సర్పంచి ఒక్కడు వ్రాసి ఇచ్చు కాగితము కాదు. గూడెము కూర్చుండి చేసిన తీర్మానము.

ఇక పెద్ద దారి వెడల్పులో భూమి పోవువారి సంగతి. జాతీయ రహదారికి భూమి సేకరించుట 1956 జాతీయ రహదారుల చట్టము క్రింద జరుగును. ఆ చట్టపు 3-ఎ ప్రకటనలో ఏ సర్వే నంబరులో ఎంత భూమి కావలెనో తెలుపుదురు. ఆ ప్రకటన వెలువడిన 21 దినములలోగా అభ్యంతరము వ్రాతమూలకముగా దాఖలు చేయవలెను. అటుపిమ్మట 3-డి ప్రకటన వచ్చినచో భూమి ప్రభుత్వమునకు చెందిపోవును. ఇక మిగులునది పరిహారపు లెక్క మాత్రమే. ఈ 21 దినములు ఎంత విలువైనవో పరిహారము అందక తిరుగుచున్నవారిని అడిగినచో తెలియును. ప్రకటనను పత్రికలలో వేయుదురు. పత్రిక రాని గూడెమున దానిని చదివి వినిపించువాడెవడు? వార్డు సభ్యుడే. ఇంకెవరును లేరు.

పరిహారమును 2013 భూసేకరణ చట్టపు లెక్క ప్రకారమే కట్టవలెనను నియమము 2015 జనవరి 1 నుండి రహదారులకును వర్తించుచున్నది. భూమి విలువతోపాటు ఇల్లు, బావి, చెట్టు, పైరు విలువ కట్టి, అంతటిమీద నూటికి నూరు చొప్పున సొలేషియము కలుపవలెను. కాఫీ మొక్క, దానికి నీడనిచ్చు చెట్టు, చెట్టుమీది మిరియపు తీగ ఈ మూడును వేర్వేరుగా లెక్కకెక్కవలెను. కొలతకు వచ్చిననాడు తోట యజమాని సంతకు పోయినచో లెక్క ఒకటిగానే పడును. పట్టా చనిపోయిన తండ్రి పేరనే ఉన్నచో సొమ్ము ఖజానాలోనే ఉండును. పోడు భూమికి అటవీ హక్కు పత్రము పొందినవారు ఆక్రమణదారులు కారు. వారికి పరిహారము లేదని ఎవరైన అన్నచో వ్రాతపూర్వకముగా చెప్పుమని అడుగుడు. నోటిమాటగా కాదన్న వానిలో చాల భాగము కాగితముమీదికి వచ్చునప్పటికి కరిగిపోవును. షెడ్యూల్డు ప్రాంతమున భూమి సేకరించుటకు ముందు గ్రామసభతో గాని తగిన స్థాయి పంచాయతీతో గాని సంప్రదింపవలెనని 1996 పెసా చట్టము చెప్పుచున్నది. మన రాష్ట్రమున దానికి నియమములు 2011లో వచ్చినవి.

దారి ప్రక్క భూమికి గిరాకి పెరుగును. లంబసింగిలో గుడారములు, అరకులో అతిథి గృహములు లేచుట మీరు చూచుచునే ఉన్నారు. 1959లో చేసిన భూబదలాయింపు నిబంధనలను సవరించిన 1970 సంవత్సరపు ఒకటవ నంబరు రెగ్యులేషను, అనగా మీరందరు వన్ ఆఫ్ సెవంటీ అని పిలుచునది, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరునకు భూమి బదలాయించుట చెల్లదని శాసించినది. 1997 జులైలో సుప్రీంకోర్టు సమత కేసున ఇచ్చిన తీర్పు అనంతగిరి మండలపు గనుల గుత్తల విషయమున పుట్టినదే. ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గుత్తకు ఇయ్యరాదని అది చెప్పినది. ఇంత గట్టి చట్టముండగా గిరిజనుని పేర పట్టా, పరుల చేతిలో తాళపుచెవి అను పద్ధతి ఎట్లు సాగుచున్నది? అది సాగుట ఊరికి తెలియకుండ సాధ్యము కాదని మా అభిప్రాయము. ఇల్లు కట్టుటకు అనుమతి పంచాయతీయే ఇచ్చును. పునాది రాయి పడకముందే విచారింపుడు. అనుమానము గలచోట గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు వ్రాయుడు. కొందరు గిరిజన యువకులు తామే తమ భూమిలో రెండు గదులు కట్టి యాత్రికులకు అద్దెకిచ్చుచున్నారు. వారికి అనుమతి కాగితములు త్వరగా ఇచ్చుట కూడ మీ ధర్మమే.

కడపట నీటి సంగతి. దీనిని మాట్లాడువారు తక్కువ గనుక మేము కొంచెము ఎక్కువగా చెప్పుదుము. కొండకు నరములవలె ఊటలుండును. రంపచోడవరము వైపు వాగు అందురు, పాడేరు వైపు గెడ్డ అందురు. రెండింటికిని తల్లి ఊటయే. కొండను అడ్డముగా కోసి దారి వేసినప్పుడు ఊట తెగును. తెగిన నీరు దారి లోపలి అంచున కాలువలోనికి చేరును. ఆ కాలువ దాని పాత పల్లమునకు నీటిని దింపినచో మంచిది. కాని ఖర్చు తగ్గించుటకై నాలుగు తూములకు బదులు ఒక తూము పెట్టినచో, నాలుగు గెడ్డల నీరు ఒకచోట దూకును. ఆ చోట మడి కొట్టుకొనిపోవును. తక్కిన మూడుచోట్ల మడులు ఎండును. పల్లపు మడి ఒకసారి కొట్టుకొనిపోయినచో దానిని మరల కట్టుటకు ఒక తరము పట్టును. అట్లే, కోసిన మట్టిని, రాళ్లను లారీలో తీసికొనిపోక క్రింది లోయలోనికి నెట్టుట సులభము. మొదటి వానకే అది మీ పొలములోనికి దిగును. వర్షాకాలమున కొండచరియలు విరిగి దారి మూసికొనిపోవుటకు నీరు నిలుచు కాలువయు, గోడ లేని కోతయు ప్రధాన కారణములు.

ఇంజనీరుకు కొండ వాలు పటముమీద తెలియును. ఆశ్వయుజ మాసపు తుపానులో ఏ గెడ్డ ఎంత ఎత్తున వచ్చినదో అతనికి తెలియదు. మీ ఊరి ముసలివానికి తెలియును. కాబట్టి మా సూచన ఇది. మీ పంచాయతీ పరిధిలో దారి ఎన్ని గెడ్డలను దాటుచున్నదో లెక్కింపుడు. ఎన్ని తూములు పెట్టిరో లెక్కింపుడు. రెండు లెక్కలు కుదరనిచోట, ఏ గెడ్డకు తూము లేదో, దాని క్రింద ఎన్ని ఎకరముల మడి ఉన్నదో, పెద్ద తుపాను నాడు నీరు ఏ చెట్టు మొదలు తాకినదో తీర్మానములో వ్రాయుడు. కట్టిన తూములలో పూడిక తీయుట ఎవరి పనియో అడిగి, ఆ పేరు కూడ వ్రాయుడు. ఈ తీర్మానము వైశాఖములోనే కావలెను. ఆషాఢములో చేసినది పనికిరాదు. ఒక ప్రతి రహదారుల శాఖ ఇంజనీరుకు, ఒకటి ఐ.టి.డి.ఎ. ప్రాజెక్టు అధికారికి, ఒకటి సబ్ కలెక్టరుకు పంపుడు. అందినట్లు రసీదు తీసికొని, నాలుగవ ప్రతితో కలిపి పంచాయతీ దస్తావేజులలో భద్రపరచుడు. తేదీ వేయుట మరువకుడు.